పులిసిన క్యాబేజీకి నోరూరిన రోజు

“గేటుకి తాళం వెయ్యండి. ఒక్కరు కూడా బయటికి పోవడానికి వీల్లేదు” అని డైరెక్టర్ త్రివిక్రమరావు మైకులో చెప్పేసరికే పరీక్ష హాల్లో ప్రతి నోట్లోనూ దూది తడిసి ముద్దయిపోయింది.

పరీక్షల సూపరింటెండెంట్ చామర్తి ఇందుమతి వేదిక మీద నిలబడి, చేతిలో పాఠం పుస్తకం అలాగే పట్టుకుని, తన కళ్లను తానే నమ్మలేకపోతోంది. మొదటి వరసలో కూర్చున్న రిటైర్డ్ తాసిల్దారు గారి గడ్డం మీది నుంచి చుక్కలు కారి చొక్కా జేబులోని పెన్ను మీద పడుతున్నాయి. వెనక వరసల సంగతి మరీ ఘోరం. అక్కడ కొందరు తడిసిన దూది పక్కన పెట్టి కొత్తది ఇమ్మని చేతులు చాస్తున్నారు. దూది పంచే అటెండరు సుభానీ ఖాళీ డబ్బా చూపించి తన దగ్గర ఇక లేదని సైగ చేస్తున్నాడు.

అంతకుముందు ఆమె మైకులో చదివింది ఏ చాక్లెట్టో ఐస్‌క్రీమో అయినా కొంత సర్దిచెప్పుకోవచ్చు. ఆమె చదివింది జర్మనీ వాళ్ల సౌర్‌క్రౌట్ గురించి. అంటే క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పేసి, జాడీలో పులియబెట్టిన పదార్థం. సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఆ పాఠానికి నోరూరిన మనిషి లేడు. అందుకే దాన్ని ఫెయిల్ చేయాల్సిన వాళ్ల కోసం చివర్లో పెట్టేవారు.

“సామూహిక అవకతవక” అన్నాడు డైరెక్టర్, మైకు మూసి ఇందుమతి వైపు తిరిగి. “నాలుగింటికి ముఖ్య కార్యదర్శి గారొస్తారు. ఆలోగా దోషి పేరు నా బల్ల మీద ఉండాలి.”

నోరూరితే నేరమెలా అయిందో తెలియాలంటే ఆ నియమం పుట్టిన కథ కొంచెం చెప్పుకోవాలి.

సగం ఖర్చు తాను పెట్టుకుని మామూలు జనాన్ని ఐరోపా చూపించే పథకం ఒకటి ప్రభుత్వం మొదలుపెట్టింది. మొదటి జట్టు ఫ్రాన్సులో ఓ ఊళ్లో దిగింది. ఆ ఊరి పెద్దలు తోటలో బల్లలు వేయించి, ముట్టుకుంటే పొరలు రాలే క్రసాన్లు, రకరకాల చీజు, ఉల్లిపాయల సూపు వడ్డించి ఎదురుచూస్తూ కూర్చున్నారు. మనవాళ్లు వాటిని మర్యాదగా పక్కకు జరిపి, గడ్డి మీద దుప్పటి పరిచి, పులిహోర పొట్లాలు విప్పారు. ఒకాయన రైస్ కుక్కర్ చంకలో పెట్టుకుని ప్లగ్గు ఎక్కడుందని సాక్షాత్తూ ఆ ఊరి మేయరునే అడిగాడు. మర్నాడు అక్కడి పత్రికలో ఫొటో పడింది.

ఇక్కడ ప్రభుత్వం సిగ్గుతో తలదించుకుని కమిటీ వేసింది. లోపం మన నాలుకల్లో లేదనీ, ఎదురుచూపులో ఉందనీ కమిటీ తేల్చింది. ఇటలీ వెళ్లేవాడు విమానం ఎక్కకముందే అక్కడి పిజ్జా కోసం తపించిపోవాలి. బెల్జియం వెళ్లేవాడికి గళ్లు పడేలా కాల్చిన వాఫిల్ కలలోకి రావాలి. పోర్చుగల్ అనగానే గుడ్డు సొన వేసి కాల్చిన కస్టర్డ్ బిళ్లలు కళ్ల ముందు కదలాలి. ఆ తపన లేనివాడు పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే. మరి తపన ఉందో లేదో తేల్చేదెలా? మాటలు నమ్మడానికి లేదు. మనిషి నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది. నోట్లో ఊరే నీళ్లు ఆడవు.

అలా విజయవాడలో ఐరోపా రుచుల ఆసక్తి ధ్రువీకరణ సంస్థ వెలిసింది. అభ్యర్థి నోట్లో పళ్ల డాక్టర్లు వాడే దూది చుట్ట పెట్టుకుని కూర్చోవాలి. మైకులో ఒక్కో దేశపు తిండి గురించి చదువుతారు. తర్వాత ఆ దూదిని పేరు రాసిన పొట్లంలో వేసి, నగలు తూచే త్రాసులో తూస్తారు. బరువుంటే ఆసక్తి ఉన్నట్టు. లేకపోతే అతనికి ఐరోపా యోగం లేదు.

పరీక్ష స్వచ్ఛంగా జరగడం కోసం సంస్థ చుట్టుపక్కల వీధులన్నిటినీ పచ్చళ్ల నిషేధిత ప్రాంతంగా ప్రకటించారు. గేటు దగ్గర వాసన పట్టడానికి ఒక కుక్కను తెచ్చి, ఊరగాయ ముక్కలు చూపించి శిక్షణ ఇచ్చారు. శిక్షణ పూర్తయ్యేసరికి దానికి పెరుగన్నం ఒట్టిగా సహించడం మానేసింది. గౌరవంగా రిటైర్ చేయించారు.

ప్రతి జట్టు వెంటా సంస్థ అధికారి ఒకరు వెళ్లాలి. ఇంతవరకూ ప్రతిసారీ ఆ ఒకరూ డైరెక్టరే. ఈసారి ఆయన మోకాలికి ఆపరేషన్ పడటంతో అవకాశం ఇందుమతికి వచ్చింది. శనివారం విమానం. ఆపై నెలలో ఆమె రిటైర్మెంటు. అంటే ఇది తప్పితే ఇంకోటి లేదు.

ఆమెకు ఐరోపాలో కావలసిందల్లా ఒక్క కాఫీ. వియన్నాలో, పాతకాలపు కాఫీ హోటల్లో, పాలరాతి బల్ల దగ్గర కూర్చుని, మీగడ నురగ గోపురంలా నిలబెట్టిన కాఫీ తాగాలి. పక్కన వెండి పళ్లెంలో గ్లాసుడు మంచినీళ్లు పెడతారట. ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చిన స్ట్రూడెల్ వేడిగా తెస్తారట. ఒక్క కాఫీకి పూటంతా కూర్చున్నా లేవమనే నాథుడు ఉండడట. ఉదయం పాలవాడితో మొదలై రాత్రి గ్యాస్ కట్టేయడంతో ముగిసే రోజుల్లో, వేడి చల్లారకుండా ఒక్క కాఫీ తాగిన గుర్తు ఆమెకు లేదు. ఆ వియన్నా పాఠాన్ని ఇన్నేళ్లుగా మైకులో చదువుతున్నది ఆమే. చదివిన ప్రతిసారీ ఆమెకు నోరూరేది. సంస్థ మొత్తం మీద నిజమైన అర్హత ఉన్న నోరు అదొక్కటే. అందులో దూది పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు దోషి దొరక్కపోతే పరీక్ష రద్దు. పరీక్ష రద్దయితే జట్టు రద్దు. జట్టు రద్దయితే శనివారం ఆమె ఇంట్లో కూర్చుని పప్పు కడుక్కోవాలి.

సోదాలు మొదలయ్యాయి. డైరెక్టర్ అనుమానమంతా పచ్చి మామిడికాయ మీద. ఎవడో ముక్క తెచ్చి, ఉప్పూ కారం అద్ది, హాలంతా కనిపించేలా కొరికి ఉంటాడని ఆయన సిద్ధాంతం. జేబులు దులిపించారు, చేతి సంచులు బోర్లించారు, ఒకావిడ కొప్పు కూడా విప్పించారు. దొరికినవల్లా ఒక దగ్గు బిళ్ల, ఒక జంతికల పొట్లం. నిషేధిత జాబితాలో జంతిక లేదు కాబట్టి దాన్ని ఏం చేయాలో తెలియక డైరెక్టర్ తన గదిలో భద్రపరిచాడు.

చివరికి ఆయన దూదినే ఆశ్రయించాడు. అన్నిటికంటే బరువైన దూది ఎవరిదో తేల్చమన్నాడు. సుభానీ తూచి, నమ్మకం కుదరక మళ్లీ తూచి, గుడివాడ నుంచి వచ్చిన మాణిక్యాంబ పేరు చెప్పాడు.

మాణిక్యాంబ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోడ్డు మీద ఏదన్నా కొనుక్కు తింటే పేషెంట్లు చూసి నవ్వుతారని సర్వీసంతా భయపడి బతికింది. తనను ఎవరూ గుర్తుపట్టని ఇటలీ వీధుల్లో ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ నడవాలని ఆవిడ కోరిక. బీపీ మాత్రల వల్ల నోరు ఎండిపోయి ఇప్పటికే పలుమార్లు ఫెయిలైంది. అలాంటి నోరు ఇవాళ పొంగి పొర్లడం డైరెక్టర్ దృష్టిలో తిరుగులేని సాక్ష్యం.

“ఏమ్మా, నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“మీరిచ్చిన దూదే బాబూ.”

“దూది కాకుండా.”

“పళ్లున్నాయి. కట్టుడువే. తీసి చూపించమంటే చూపిస్తాను.”

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఇది ఆతిథ్య దేశాల విశ్వాసానికి సంబంధించిన అంశమనీ, క్యాబేజీ పట్ల ఇంతటి ఆసక్తి సహజ పరిధులను అతిక్రమించి ఉన్నదనీ, దీన్ని సంస్థ తీవ్రంగా పరిగణిస్తున్నదనీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

“నోరూరకపోతే పంపేది లేదంటిరి. ఊరితే నేరమంటున్నారు. ఎంత మోతాదు కావాలో చీటీ మీద రాసివ్వండి బాబూ, ఆ మేరకే ఊరిస్తాను.”

డైరెక్టర్ ఆవిణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టించాడు.

ఇందుమతి ఒక గ్లాసు మజ్జిగ తీసుకుని ఆ గదిలోకి వెళ్లింది. ఆవిడ తాగేదాకా ఆగి, అసలేం జరిగిందని మెల్లగా అడిగింది. మాణిక్యాంబ గ్లాసు కింద పెట్టి, గుమ్మం వైపు ఒకసారి చూసింది. సత్యం చెప్పాలంటే తనకు క్యాబేజీ మాట వినపడనే లేదన్నది. తన సీటు చివరి వరసలో గోడవార. మధ్యలో ఓల్టేజి తగ్గి ఏసీ ఆగిందనీ, పైనున్న వెంటిలేటర్లు తెరిచారనీ, ఆ తర్వాత ఏదో గాలి వచ్చిందనీ చెప్పింది.

“ఏం గాలి?”

“వెల్లుల్లి. ఆవపిండి. వేడన్నంలో కలిపితే వచ్చే ఘాటు. మేడం గారూ, నా పెళ్లికి ముందు మా అమ్మ పెట్టిన ముద్ద జ్ఞాపకం వచ్చింది. అలాంటప్పుడు మాత్రలేం ఆపుతాయి చెప్పండి.”

ఇందుమతి మళ్లీ హాల్లోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. దూది పొట్లాలను వరసల ప్రకారం బల్ల మీద పేర్పించింది. ముందు వరసల దూది తడిగా ఉంది. వెనక్కు పోయేకొద్దీ బరువు పెరిగింది. గోడవార వరసలోవి పొట్లాలను కూడా తడిపేశాయి. ఆమె వెళ్లి ఆ గోడ దగ్గర, వెంటిలేటరు కింద నిలబడింది. వాసన దాదాపు పోయింది. కానీ అడుగంటిన కొద్దిపాటి జాడకే ఆమె నోట్లో నీళ్లు తిరిగాయి. కొత్తావకాయ. అనుమానం లేదు. ఎండాకాలం విజయవాడలో ఆ వాసన గుర్తుపట్టడానికి ఏ శిక్షణా అక్కర్లేదు, కుక్క అయితే తప్ప.

గోడకు అవతల ఉన్నది ఒకే ఒక్క గది. అందులో ఉంటున్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి పేరు తలచుకోగానే ఇందుమతి నోరు ఉన్నట్టుండి ఎండిపోయింది.

అది అతిథి గది. అందులో ఉండేది సంస్థకు రుచుల సలహాదారుగా వియన్నా నుంచి రప్పించిన డాక్టర్ ఆంటోన్ వైడింగర్. ఎత్తుగా, తెల్లగా, ఎప్పుడూ కోటు గుండీలు పెట్టుకుని ఉండే మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదని సంస్థ రికార్డు. ఆయన వచ్చిన రోజే డైరెక్టర్ ఒక ఉత్తర్వు వేశాడు: గౌరవ అతిథి నాలుకకు ఏ పరిస్థితుల్లోనూ కారం తగలరాదు. ఆనాటి నుంచి వంటవాడు ఆయనకు మూడు పూటలా ఉడికించిన బంగాళాదుంప, ఉడికించిన క్యారెట్, కాల్చని బ్రెడ్డు పంపిస్తున్నాడు. మొదట్లో వైడింగర్ చిక్కిపోయాడు. తర్వాతెందుకో బుగ్గలు తేలి నిగనిగలాడడం మొదలుపెట్టాడు. అది ఉడికించిన దుంప మహిమని డైరెక్టర్ సంస్థ వార్షికోత్సవంలో చెప్పుకున్నాడు కూడా.

ఆ గది ఒకసారి చూడాలని ఇందుమతి అడగగానే త్రివిక్రమరావు కుర్చీలోంచి లేచాడు. మోకాలి సంగతి అప్పుడు ఆయనకు గుర్తు రాలేదు. ఆ గదిని మన భూభాగంగా భావించరాదనీ, దాని తలుపు తడితే రెండు ప్రభుత్వాల మధ్య సంబంధాల్ని తట్టినట్టేననీ అన్నాడు. ఆయన ఇంకా ఏదో అనబోతుండగా ఆ తలుపే తెరుచుకుంది.

వైడింగర్ బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కు ఇంకా ఎర్రగా ఉంది. ఎడం చేత్తో రుమాలు పెదాలకు అద్దుకుంటున్నాడు. కుడి చెయ్యి ఎందుకో ప్యాంటు జేబులోంచి తియ్యడం లేదు. డైరెక్టర్ కరచాలనానికి చెయ్యి చాస్తే ఎడం చెయ్యే ఇచ్చాడు. మాట మొదలుపెట్టబోయి ఎక్కిళ్లు వచ్చి ఆగిపోయాడు.

త్రివిక్రమరావు గుండె కరిగిపోయింది. “చూశారా మేడమ్. ఇంటి మీద బెంగ పెట్టుకుని ఏడుస్తున్నారు పాపం. మధ్యాహ్నం ఇంకో దుంప ఎక్కువ పెట్టమని చెప్పండి.”

తర్వాత ఆయన అతిథికి ఇంగ్లీషులో జరిగిన ఘోరమంతా వివరించాడు. వైడింగర్ ఎక్కిళ్ల మధ్య శ్రద్ధగా విన్నాడు. పులిసిన క్యాబేజీకి అంత శక్తి లేదనీ, తన సర్వీసులో ఎన్నడూ చూడలేదనీ, దర్యాప్తు గట్టిగా జరగాలనీ అభిప్రాయపడ్డాడు. అలా అంటున్నంతసేపూ ఆయన చూపు ఇందుమతి తన కోసం తెప్పించుకుని ఇంకా తాగకుండా పట్టుకున్న మజ్జిగ గ్లాసు మీదే ఉంది. ఆమె గ్లాసు కొంచెం ముందుకు జరిపింది. ఆయన ఆ మజ్జిగంతా ఒక్క గుక్కలో తాగేసి, ప్రాణం లేచి వచ్చినట్టు నిట్టూర్చి, లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఇందుమతికి ఇక సందేహం లేదు. ఉన్నదల్లా ఇబ్బందే. ఎక్కిళ్ల ఆధారంగా విదేశీ అతిథిని దోషి అన్న సూపరింటెండెంటుకు రిటైర్మెంటు దాకా కూడా ఉద్యోగం ఉండదు. గది వెతికే అధికారం ఎవరికీ లేదు. అడిగినా డైరెక్టర్ నమ్మడు. నమ్మితే ఇంకా ప్రమాదం. ఉడికించిన దుంపల మీద ఆయన నిలబెట్టుకున్న కీర్తి అంతా కూలిపోతుంది కాబట్టి నోరు మూయించి తీరతాడు.

మూడున్నర దాటాక త్రివిక్రమరావు ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అభ్యర్థి మాణిక్యాంబ నిషిద్ధ ఆమ్ల పదార్థాన్ని నోట ధరించి పరీక్ష వాతావరణాన్ని కలుషితం చేసినట్టు తాను గమనించానని అందులో ఉంది. కింద ఇందుమతి సంతకానికి చోటు వదిలారు.

“ఆవిడొక్కతీ పోతే మిగతా వాళ్లందరి ఫలితాలూ నిలబెట్టవచ్చు” అన్నాడు మెత్తగా. “నాలుగింటికి ఇక్కడ సంతకం ఉంటే, శనివారం మీకు విమానంలో కిటికీ పక్క సీటుంటుంది. ఆలోచించుకోండి.”

ఇందుమతి ఆలోచించింది. పాలరాతి బల్ల కనిపించింది. దాని మీద మీగడ గోపురం కనిపించింది. బల్లకు ఎదురుగా, ఖాళీగా ఉండాల్సిన కుర్చీలో, ఒంటరిగా మజ్జిగ తాగుతున్న మాణిక్యాంబ కూడా కనిపించింది. ఆవిణ్ణి ఎంత లేపినా ఆ కుర్చీలోంచి లేవడం లేదు. అలాంటి ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని కాఫీ తాగితే అది చల్లారిపోయిన కాఫీ కంటే అన్యాయంగా ఉంటుంది.

ముఖ్య కార్యదర్శి చెప్పిన టైముకే వచ్చాడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు సచివాలయంలో లేరు. ఏ మాటైనా ఉత్తర్వు చదివినట్టే మాట్లాడతాడు. హాల్లో అభ్యర్థులందరినీ మళ్లీ కూర్చోబెట్టారు. వేదిక మీద కార్యదర్శి, డైరెక్టర్, గౌరవ అతిథి వైడింగర్. డైరెక్టర్ లేచి సంఘటన పూర్వాపరాలు చదివి, దోషిని సంస్థ అప్పటికే పట్టుకున్నదనీ, సూపరింటెండెంట్ గారి సంతకం లాంఛనం మాత్రమేననీ ముగించాడు.

“నేను సంతకం చెయ్యలేదండి” అంది ఇందుమతి.

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె కార్యదర్శినే చూస్తూ మాట్లాడింది.

“సార్, ఈ సంస్థలో మనం మనిషి మాట నమ్మం. దూదినే నమ్ముతాం. దోషి ఎవరో కూడా దూదే చెప్పాలి. చివరిసారిగా ఒక్క పరీక్ష పెట్టనివ్వండి. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ. వేదిక మీద వాళ్లతో సహా.”

డైరెక్టర్ అడ్డు చెప్పబోయి మధ్యలోనే ఆగాడు. దూదిని అనుమానిస్తే సంస్థనే అనుమానించినట్టు. కార్యదర్శి ముఖంలో మాత్రం మొదటిసారి ఆసక్తి లాంటిది తొంగిచూసింది. నిబంధనలతో నేరాన్ని పట్టడం ఆయనకు ఎంతో ఇష్టమైన పని. కావలసినంత దూది పక్కవీధి పళ్ల డాక్టరు దగ్గర్నుంచి తెమ్మని సుభానీని పంపి, ఆ లోపు స్టెనోను పిలిచి ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టాడు.

“దోషి అభ్యర్థి కాని పక్షంలో అభ్యర్థుల ఫలితాలు యథాతథంగా చెల్లును. దోషి ఏ హోదా వారైనను, శనివారంలోగా ప్రభుత్వ వ్యయంతో వారి స్వస్థలమునకు చేర్చవలెను. గతంలో ఇట్టి వ్యక్తి ఒకరు ఏలూరు స్టేషన్‌లో దిగిపోయి ప్రయాణ భత్యం మాత్రం పూర్తిగా తీసుకున్న దృష్ట్యా, ఈసారి పరీక్షల సూపరింటెండెంట్ స్వయంగా వెంట వెళ్లి, దోషిని ఇంటివారికి అప్పగించి రావలెను.”

సంతకం పెట్టి కలం మూశాడు. డైరెక్టర్ ముందుకు వంగి, గుడివాడ బస్సులు గంటకొకటి ఉంటాయని ఇందుమతికి వినిపించేలా, సుభానీ వదిలి వెళ్లిన ఖాళీ కుర్చీతో చెప్పాడు.

దూది వచ్చింది. అందరూ నోట్లో పెట్టుకున్నారు. కార్యదర్శి ఫైలు మీద సంతకం పెట్టినంత గంభీరంగా పెట్టుకున్నాడు. వైడింగర్ వృత్తిధర్మం కాబట్టి చిరునవ్వుతో పెట్టుకున్నాడు. ఇందుమతి మైకు దగ్గరికి వచ్చి, పాఠం పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“కొత్తావకాయ” అంది తెలుగులో.

హాల్లో ఎవరో చిన్నగా మూలిగారు.

“జాడీకి కట్టిన గుడ్డ ఇప్పుడే విప్పారు. తిరగగలిపిన రోజు. పైకి తేలిన నూనె ఎర్రగా కదులుతోంది. అడుగున వెల్లుల్లి. పొయ్యి మీది నుంచి దించిన అన్నం పళ్లెంలో పొగలు కక్కుతోంది. మధ్యలో గుంట చేసి, పచ్చడి వేసి, కరిగిన నెయ్యి పోశారు. కాలుతున్నా ఆగలేక చేత్తో కలుపుతున్నారు. టెంక ఉన్న ముక్క ఒకటి పక్కన పెట్టుకున్నారు, చివర్లో చీకడానికి.”

ఆమె అక్కడితో ఆపింది. ఆపకపోతే తాను కూడా మాట్లాడలేని స్థితికి వచ్చేది. తాసిల్దారు గారు కళ్లు మూసుకుని ఉన్నాడు. డైరెక్టర్ రుమాలు వెతుక్కుంటున్నాడు. కార్యదర్శి పెదాలు బిగబట్టినా మూల నుంచి ఒక చుక్క ఉత్తర్వు కాగితం మీద పడి, ‘అప్పగించి’ అన్న మాట దగ్గర సిరా అలికింది.

సుభానీ పొట్లాలు పోగుచేసి తూచడం మొదలుపెట్టాడు. ఏ దూది చూసినా బరువే. వరస తర్వాత వరస, అన్నీ తడి. త్రివిక్రమరావు ముఖం విచ్చుకుంది.

“ఏం తేలింది మేడమ్? అందరి దూదీ తడిసింది. అంటే అందరూ దోషులేనా? నన్నూ, కార్యదర్శి గారినీ కూడా గుడివాడ బస్సెక్కిస్తారా?”

“మనవాళ్ల దూది తడవాల్సిందే సార్. తడవకపోతే అనుమానించాలి” అంది ఇందుమతి. “నేను వెతికింది తడవకూడని దూదిని. ఆవకాయ మొహం ఎరగని నోరు, ఆ మాటకు అర్థం తెలియని చెవి, ఇలాంటి పాఠానికి ఎండాకాలం నేలలా పొడిగా ఉండాలి. మీ ఉత్తర్వు ప్రకారమే అలాంటి నోరు ఈ హాల్లో ఒకటుంది.”

అందరి కళ్లూ ఒకేసారి వేదిక మీదికి వెళ్లి, మర్యాద గుర్తొచ్చి ఒకేసారి కిందికి దిగాయి. సుభానీ చేతిలో చివరి పొట్లం ఉంది. అతను దాన్ని త్రాసులో పెట్టాడు. పళ్లెం టప్పున కిందికి కొట్టుకుని, అటుపక్క రాళ్లు ఎగిరిపడ్డాయి. పొద్దుట మాణిక్యాంబ దూది కూడా ఇంత తూగలేదు.

త్రివిక్రమరావు ముఖంలో రంగు దిగిపోయింది. ఉడికించిన దుంపలు, ఉడికించిన క్యారెట్లు, వార్షికోత్సవ ఉపన్యాసం వరసగా ఆయన కళ్ల ముందు నుంచి వెళ్లిపోతున్నట్టున్నాయి. ఆయన కార్యదర్శి చెవి దగ్గరికి వంగి, వాతావరణంలో తేమ ఎక్కువగా ఉన్నందున ఈ పరీక్షను చెల్లనిదిగా భావించవచ్చని సూచించాడు. తేమను గురించి నియమావళిలో ఏమీ లేదని కార్యదర్శి సమాధానమిచ్చాడు.

“ఉత్తర్వు మీద సంతకమైపోయింది” అన్నాడు ఆయన, స్టెనోకు కలం అందిస్తూ. “దోషి పేరు పైకి చదవండి. స్వస్థలంతో సహా. టికెట్టు మంజూరు చెయ్యాలి.”

“చదవకండి మేడమ్” అన్నాడు త్రివిక్రమరావు, దాదాపు వేడుకుంటూ.

వేదిక మీద గౌరవ అతిథి మెల్లగా కుడి చెయ్యి జేబులోంచి తీసి, గోళ్ల చివర్ల ఎరుపును కాసేపు చూసుకుని, ఇక దాచి లాభం లేదన్నట్టు ఆ వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. చివరి వరసలో మాణిక్యాంబ లేచి నిలబడింది. ఇందుమతి పొట్లం చేతిలోకి తీసుకుంది. అది ఇంకా తడిగా, బరువుగా ఉంది. మైకు దగ్గరికి లాక్కుని, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించేలా చదివింది.

“దోషి, డాక్టర్ ఆంటోన్ వైడింగర్. స్వస్థలం, వియన్నా.”